నేల వదలనివాడు

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో దూలం ఎవరంటే గేటు కాపలావాడి నుంచి క్యాంటీన్ వంటమనిషి దాకా అందరూ చూపిస్తారు. చూపించకపోయినా కనిపిస్తాడు. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి దాక్కోవాలన్నా ఎక్కడ దాక్కుంటాడు! అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది. అది అక్కడే ఉంటుంది, దానితో ఎవరికీ పని పడదు. స్టోర్సులో పై అరల మీదుండే జిగురు డబ్బాలు, పిన్నుల పెట్టెలు అందుకుని కిందికి ఇవ్వడం అతని ఉద్యోగం. ఆ పనికి ఒక స్టూలు చాలని అతనికీ తెలుసు, స్టోర్సు గుమాస్తాకీ తెలుసు. ఫ్యాక్టరీ అతన్ని తెచ్చుకున్నది బాస్కెట్‌బాల్ టీం కోసం. పంతొమ్మిదో ఏట తెచ్చుకుంది. ఇప్పుడతనికి ముప్ఫై ఆరు.

క్వార్టర్ల వరసలో చివరి ఇల్లు అతనిది. దాన్ని పొడుగు క్వార్టర్ అంటారు. అతను చేరిన కొత్తలో గుమ్మం తగిలి రెండుసార్లు నుదురు చిట్లింది. లీగు పోటీలు దగ్గర పడుతున్నాయన్న భయంతో టీం మేనేజరు మేస్త్రీని పంపి, ఆ ఇంటి గుమ్మాలన్నీ జానెడు పైకి లేపించాడు. ఇప్పుడు ఆ గుమ్మాల్లోంచి దూలం నిటారుగా నడిచి వెళ్ళొచ్చు. అయినా తల వంచే వెళ్తాడు. చిన్నప్పటి నుంచీ వంచీ వంచీ మెడకి అలవాటైపోయింది. పెళ్ళైన కొత్తలో భార్య అది చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది.

పొడుగుంటే చాలు, ఆట దానంతటదే వచ్చేస్తుందనుకునే మహానుభావులు కొందరుంటారు. రింగు కింద నిలబడి చెయ్యెత్తితే సరిపోతుందని వాళ్ళ ఉద్దేశం. వాళ్ళు ఒక్కసారి దూలం ఆట చూడాలి. అతను రింగుకి వీపు పెట్టి నిలబడతాడు. బంతి చేతికి అందేసరికి అడ్డుకునేవాడు వెనకాల ఉంటాడు, కళ్ళకి కనిపించడు. దూలం వాణ్ణి నడుముతో చూస్తాడు. వెనకవాడి బరువు ఎడమ కాలి మీదుందా, కుడి కాలి మీదుందా అన్నది తగిలే ఒత్తిడిని బట్టి తెలిసిపోతుంది. బరువు ఎడమకి ఉంటే తను కుడికి ఒక్క అడుగు వెనక్కి వేసి గిర్రున తిరుగుతాడు. వాడు తేరుకునేసరికి బంతి రింగులో ఉంటుంది. బరువు రెండు కాళ్ళ మీదా సమంగా ఉంటే భుజం విదిలించి, తల ఎత్తి, బంతి వేస్తున్నట్టు నటిస్తాడు. పాపం వెనకవాడు గాల్లోకి లేస్తాడు. వాడు దిగేలోపు దూలం ఒక భుజం అడ్డం పెట్టి, రెండో చేత్తో తల మీదుగా బంతిని వదిలేస్తాడు. దాన్నే హుక్ షాట్ అంటారు. దాన్ని ఆపాలంటే ముందు ఆ భుజాన్ని దాటాలి, ఆ భుజమేమో తలుపు రెక్కంత ఉంటుంది.

అడ్డుకోవడంలో ఇంకా ఘటికుడు. బంతి రాకముందే ముంజెయ్యి ఆనించి, ఎదుటివాణ్ణి వాడికిష్టమైన చోటు నుంచి ఒక అడుగు అవతలికి జరిపేస్తాడు. ఆ తర్వాత వాడు భుజం విదిలించినా, తల ఎత్తినా, రింగు వైపు కళ్ళింత చేసుకుని చూసినా వాడి నడుము మీంచి చూపు తియ్యడు. మనిషి కళ్ళతో అబద్ధమాడతాడు, చేతులతో ఆడతాడు, నడుముతో మాత్రం ఆడలేడని అతని నమ్మకం. రెండు చేతులూ నిలువుగా ఎత్తి, పాదాలు నేలకి అంటించి నిలబడతాడు. బంతి నిజంగా పైకి లేచాకే తనూ లేస్తాడు. పదిహేడేళ్ళలో దొంగ షాటుకి దూలం నేల వదలడం ఎవరూ చూడలేదు.

ఆ గొప్పే అతని మెడకి చుట్టుకుంది.

అతని భార్య నర్సు. ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో చేసేది. ఏడేళ్ళ కిందట డిస్పెన్సరీ మూసేశారు. ఆమెకి బస్సులో పగలంతా ప్రయాణం చేస్తే గానీ చేరని ఊళ్ళో, పెద్దాసుపత్రిలో ఉద్యోగం దొరికింది. రెండేళ్ళ కూతుర్ని చంకనేసుకుని వెళ్ళింది. "నెలలో నేనూ వచ్చేస్తా, నువ్వు ఇల్లు చూసి ఉంచు" అన్నాడు దూలం. ఇల్లు చూసింది. గుమ్మాలు పొట్టివని దిగులు పడి, పైకప్పు ఎత్తుగా ఉన్న పాత మేడలో వాటా వెతికి మరీ తీసుకుంది.

దూలం వెళ్ళి మేనేజరు ముందు నిలబడ్డాడు. మేనేజరు ఒకప్పటి ఆటగాడు. ఇప్పుడు పొట్ట పెరిగి, మెడలో విజిల్ ఒక్కటే మిగిలింది. ఆయన బీరువాలోంచి పాత కాగితం తీశాడు. పంతొమ్మిదో ఏట దూలం చదవకుండా సంతకం పెట్టిన కాగితమది. ఫ్యాక్టరీ విడుదల ఉత్తరం ఇవ్వకుండా ఇంకెక్కడా ఉద్యోగంలో చేరకూడదని అందులో ఉంది.

"నేనేమన్నా రాక్షసుణ్ణా, పెళ్ళాం పిల్లలున్నవాణ్ణి ఆపడానికి?" అన్నాడు మేనేజరు. "నీ చోట నిలబడే మనిషిని చూపించు. పది బంతులిద్దాం. వాడు వేస్తాడు, నువ్వు అడ్డుకో. నిన్ను దాటి ఐదు వేశాడా, ఆ రోజే ఉత్తరం మీద సంతకం పెడతా. కానీ ఒక్క మాట. దొంగాట ఆడావో, నేనూ ఆడినవాణ్ణే, ఇట్టే పట్టేస్తా. అప్పుడిక జన్మలో ఉత్తరం అడక్కు."

ఏదో ఆ పూటకి అన్న మాట అనుకున్నాడు దూలం. అది ఫ్యాక్టరీకి ఆనవాయితీ అయి కూర్చుంది. కొత్త కుర్రాడు దొరికిన ఏడల్లా, లీగు ముగిసిన మర్నాడు మధ్యాహ్నం పది బంతుల ఆట. కోర్టు పాత గోడౌన్‌లో ఉంది. చుట్టూ కట్టలు కట్టిన అట్టలు మనిషెత్తున పేర్చి ఉంటాయి. రెండు షిఫ్టుల వాళ్ళూ వాటి మీదెక్కి కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటారు. క్యాంటీన్ వాళ్ళు ఆ రోజు టీ ఊరికే పోస్తారు. దూలం ఒక్కో బంతిని అడ్డుకుంటుంటే గోడౌన్ రేకులు ఎగిరిపోయేలా అరుస్తారు. అతని మీద వాళ్ళకి ప్రేమే. ఆ ప్రేమ వల్లే అతను ఏడేళ్ళుగా పెళ్ళాం మొహం ఏడాదికి రెండుసార్లు మాత్రమే చూస్తున్నాడని వాళ్ళలో ఒక్కరికీ తట్టదు.

ఈ ఏడేళ్ళలో నలుగురు కుర్రాళ్ళు వచ్చారు. నలుగురికీ దూలమే నేర్పాడు. మొదటివాడు రెండు వేశాడు. రెండోవాడు మూడు. మూడోవాడు చురుకైనవాడు, తొమ్మిది బంతుల్లో నాలుగు వేశాడు. పదోది వేస్తే అయిపోయేది. పదో బంతికి వాడు చక్కగా తిరిగాడు, చక్కగా వదిలాడు. దూలం చెయ్యి లేచింది. అతను లేపలేదు, అదే లేచింది. బంతి వెళ్ళి అట్టల మీద పడింది. జనం వెర్రెత్తినట్టు అరిచారు. ఆ అరుపులో దూలం ఒక్క క్షణం పొంగిపోయాడు. నిజంగా పొంగిపోయాడు, చిన్నపిల్లాడిలా పిడికిలి కూడా బిగించాడు. ఆ పిడికిలి విప్పేసరికి ఏం చేశాడో తెలిసొచ్చింది. ఆ సాయంత్రం ఫోన్లో భార్యతో "కుర్రాడు చాల్లేదు" అన్నాడు. నాలుగోవాడు ఒక్కటే వేసి, నెల తిరక్కుండా వెళ్ళిపోయాడు. అప్పుడూ అదే మాట చెప్పాడు.

"కుర్రాళ్ళు చాలకా, మీకు రావాలని లేకా?" అని ఆమె ఒకసారి అడిగింది. దూలం పిల్లకి ఫోను ఇమ్మన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. అడగకపోవడమే అతనికి ఎక్కువ నొప్పిగా ఉండేది.

ఈ ఏడు ఐదోవాడు వచ్చాడు. ఇరవై రెండేళ్ళవాడు, ఆరడుగుల ఎనిమిది. ఇళ్ళకి రంగులు వేసే పని చేసేవాడు. నిచ్చెన లేకుండా పైకప్పులకి రంగు కొడతాడని మేస్త్రీలు వాడికి నిచ్చెన అనే పేరు పెట్టారు. వాడి కాళ్ళు పట్టే మంచం ఇంకెక్కడా లేదని మేనేజరు వాణ్ణి పొడుగు క్వార్టర్‌లోనే దింపాడు. మొదటి రోజు వాడు గడప దాటుతూ తల వంచాడు. వంచినవాడు పైకి చూసి, గుమ్మం ఇంకా జానెడు పైనుందని గమనించి, "అన్నా, ఇలాంటి గుమ్మం నేనెక్కడా చూళ్ళేదు!" అన్నాడు. మర్నాటి నుంచి తల ఎత్తుకునే తిరిగాడు.

ఆ ఇంట్లో ఒక కంచం, ఒక గ్లాసు, ఒక కుర్చీ ఉన్నాయి. మిగతావన్నీ భార్య పట్టుకెళ్ళింది. నెలలో వచ్చేవాడికి ఇంతకంటే ఎందుకని అప్పట్లో ఇద్దరూ అనుకున్నారు. తర్వాత రెండో కంచం కొనడానికి దూలానికి మనసొప్పలేదు. కొంటే ఇక్కడే ఉండిపోతున్నట్టు ఒప్పుకున్నట్టవుతుంది. నిచ్చెన అక్కడున్న నాలుగు నెలలూ ఫ్యాక్టరీ అట్ట ముక్క మీద పెట్టుకు తిన్నాడు. గోడ మీద కూతురి ఎత్తు గుర్తులు పెన్సిలుతో గీసి ఉన్నాయి. రెండేళ్ళప్పటి వరకే ఉన్నాయి, దూలం మోకాలికి కాస్త పైన ఆగిపోయాయి. నిచ్చెన వాటిని చూసేవాడు, ఏమీ అడిగేవాడు కాదు.

దూలం వాడికి తన విద్యంతా నూరిపోశాడు. పొద్దున్నే షిఫ్టు మొదలవకముందు ఇద్దరూ గోడౌన్‌లో ఉండేవాళ్ళు.

"బంతి రాగానే తిరక్కురా. ఆగు. నా బరువెక్కడుందో నీ నడుముకి తెలియాలి. తెలిసిందా?"

"ఎడమకి ఉందన్నా."

"మరి కుడికి తిరగవేం, ముహూర్తం పెట్టాలా?"

నిచ్చెన నవ్వి తిరిగేవాడు. మొదట్లో తన కాళ్ళకి తనే అడ్డం పడేవాడు. మోచేతులు గీరుకుపోయాయి. రెండో నెలకి తిరగడం వచ్చింది. మూడో నెలకి భుజంతో అబద్ధమాడడం వచ్చింది. గోడకి రంగు కొట్టినవాడి మణికట్టు కదా, హుక్ షాట్ మాత్రం మొదటి వారమే పట్టేశాడు. బంతి వాడి వేళ్ళ చివర్ల నుంచి బ్రష్షు లాగినంత మెత్తగా జారేది. దూలం పైకి పెదవి విరిచేవాడు గానీ, లోపల వాడి మీద ఆశ పెంచేసుకున్నాడు.

ఒక పాఠం మాత్రం పదే పదే చెప్పేవాడు. దానికి ఇంకో ఆటగాణ్ణి పిలిచి, నిచ్చెన మీదకి ఇద్దరు కలిసి వెళ్ళేవాళ్ళు.

"పొడుగోళ్ళని ఆపడానికి ఎప్పుడూ రెండోవాడొస్తాడు. వాడు బయల్దేరగానే నీ చెవికి అడుగుల చప్పుడు తెలియాలి. వాడొచ్చేలోపే బంతి ఎవరికో ఒకరికి ఇచ్చెయ్. ఇద్దరూ మీద పడ్డాక ఇద్దామంటే కుదరదు. అప్పుడు నువ్వు ఎంత పొడుగైనా కుడితిలో పడ్డ ఎలుకవే."

"బాస్కెట్ వేసే ఛాన్సున్నా ఇచ్చెయ్యాలా అన్నా?"

"ఛాన్సుందనిపిస్తుందిరా. అక్కడే దొరికిపోతారు అందరూ."

లీగు ఆఖరి వారంలో భార్య ఫోన్ చేసింది. ఆమె ఉండే వీధి చివరి స్కూల్లో ఆటల మాస్టారి ఉద్యోగం ఖాళీ అయింది. హెడ్‌మిస్ట్రెస్ కూతురికి ఈమె ఆసుపత్రిలో సేవ చేసింది. ఆ అభిమానంతో, సెలవులు అయ్యేదాకా ఎవర్నీ తీసుకోకుండా ఆగుతానంది. విడుదల ఉత్తరం మాత్రం కావాలంది.

"సెలవులు ఇంకో పది రోజులు" అంది భార్య. "పిల్ల తన స్కూలని తెగ సంబరపడుతోంది. మా నాన్న వస్తే బోర్డు మీద పైదాకా రాస్తాడని అందరికీ చెప్పుకొచ్చింది. నాకు ఇంక దానికి సర్ది చెప్పే ఓపిక లేదండీ. ఈసారి కూడా ఏదో ఒకటి చెప్తే, ఆ తర్వాత మేం మీ కోసం చూడం. కోపంతో అనట్లేదు. చూడలేకపోతున్నాం."

దూలం ఫోను పెట్టేశాడు. ఆమె కేకలేసి ఉంటే బాగుండేదనిపించింది.

పది బంతుల రోజు వచ్చింది. గోడౌన్ కిక్కిరిసిపోయింది. పైన రేకుల కింద వేడి, అట్టల వాసన, జిగురు వాసన. మేనేజరు ఒక అట్టపెట్టె మీద విడుదల ఉత్తరం పరిచి, గాలికి ఎగరకుండా టీ గ్లాసు పెట్టాడు. అది ప్రతిసారీ ఆయన చేసే తమాషా. ఉత్తరం అంచున నాలుగు గుండ్రటి టీ మరకలున్నాయి. కొత్త కాగితం టైపు చేయించడం కూడా దండగనుకుని ఏడేళ్ళుగా అదే వాడుతున్నాడు మహానుభావుడు.

నిచ్చెన రింగుకి వీపు పెట్టి నిలబడ్డాడు. వెనక దూలం. మేనేజరు విజిల్ వేశాడు.

మొదటి బంతి. నిచ్చెన ఆగాడు, చూసుకున్నాడు, కుడికి తిరిగాడు. దూలం పాదం ముందే అక్కడుంది. బంతి బోర్డుకి తగిలి బయటపడింది. రెండోది హుక్ షాట్, రింగు అంచు కూడా తాకకుండా లోపలికి జారింది. జనం "ఓహో" అన్నారు. మూడోది దూలం వేలికొసలతో తోసేశాడు. నాలుగోది మళ్ళీ హుక్ షాట్, అదీ పడింది. ఐదోసారి వాడికి హుక్ షాట్ చోటు దొరక్కుండా దూలం అడుగు దూరం జరిపేశాడు. బంతి రింగు దాకా వెళ్ళలేదు. ఆరోది వాడు ఎడమ చేత్తో వేశాడు. ఎడమ చెయ్యి దూలం నేర్పలేదు, వాడే ఎప్పుడు నేర్చుకున్నాడో! మూడు. ఏడోది దూలం అడ్డుకున్నాడు. జనం లేచి నిలబడి "దూలం! దూలం!" అని అట్టల మీద కాళ్ళతో బాదడం మొదలెట్టారు. ఎనిమిదోది కూడా అడ్డుకున్నాడు. ఆ చప్పుడు అతని ఒంట్లోకి ఎక్కుతోంది. అరికాళ్ళ నుంచి మోకాళ్ళలోకి, అక్కణ్ణుంచి చేతుల్లోకి పాకుతోంది. వద్దురా, వద్దురా అని అతను తన చేతుల్ని తనే బతిమాలుకుంటున్నాడు. అవి వింటే కదా! తొమ్మిదోసారి నిచ్చెన భుజం విదిలించి, ఆగి, మళ్ళీ విదిలించి, దూలం చంక కిందుగా దూరి వేశాడు. అది అచ్చమైన బాస్కెట్, దూలం నిజంగానే ఓడిపోయాడు. నాలుగు.

ఇంకొక్కటి. గోడౌన్ ఒక్కసారిగా సద్దుమణిగింది. మేనేజరు కూడా టీ గ్లాసు తీసి చేత్తో పట్టుకున్నాడు.

పదో బంతి నిచ్చెన చేతికొచ్చింది. వాడు వీపుతో నెట్టాడు. దూలం నెట్టనివ్వలేదు. వాడు ఎడమ భుజం విదిలించాడు, తల ఎత్తాడు, బంతి పైకి లేపాడు. దూలం వాడి నడుము చూశాడు. నడుము కదల్లేదు. అది దొంగ షాటు. సందేహమే లేదు, పదిహేడేళ్ళుగా కొట్టినపిండి. ఇలాంటివి కొన్ని వేలు చూశాడు, ఒక్కదానికీ కాలు లేపలేదు. ఇప్పుడు గోడ మీద మోకాలి పైన ఆగిపోయిన పెన్సిలు గీత గుర్తొచ్చింది. అది దొంగ షాటని తెలిసి తెలిసి, దూలం ఎగిరాడు.

దొంగాట అని ఎవ్వరూ అనలేరు. చేతులు బార్లా చాచి, పళ్ళు బిగించి, మనసారా ఎగిరాడు. జనం నోళ్ళు తెరిచారు. గాల్లో ఉన్న ఆ కాస్తసేపూ అతనికి ఒళ్ళంతా తేలికైపోయింది. అయిపోయింది, వెళ్ళిపోతున్నా అనుకున్నాడు.

కింద నిచ్చెన గిర్రున తిరిగాడు. ముందు రింగు, మధ్యలో ఎవరూ లేరు. చెయ్యి చాచి బంతిని లోపల పెట్టడమే, పసిపిల్లాడు కూడా చెయ్యగలడు. నిచ్చెన చెయ్యి చాచాడు. ఆగాడు. వెనక్కి తిరిగి, అప్పుడే నేల మీద దిగి తూలుతున్న దూలం మొహంలోకి చూశాడు. తర్వాత బంతిని రెండు చేతులా మెల్లగా అతనికి విసిరాడు.

బంతి వచ్చి దూలం పొట్టకి తగిలింది. అలవాటు కొద్దీ పట్టుకున్నాడు. అతని ముందు రింగుంది. అడ్డుకునేవాడు లేడు. ఎన్నిసార్లు వేసుకున్నా ఎవరూ కాదనరు, లెక్క కట్టరు.

మేనేజరు విజిల్ ఊదాడు. "నాలుగే!" అని అరిచాడు. "ఏరా పిచ్చోడా, చేతికి దొరికింది వదిలేశావేంరా! సరే, ఏం చేస్తాం, వచ్చే ఏడు చూద్దాం." ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. జనం పడీ పడీ నవ్వారు. కుర్రాడు కంగారులో బంతి ఎవరికిచ్చాడో కూడా చూసుకోలేదని ఒకరికొకరు చెప్పుకుంటూ టీ దగ్గరికి వెళ్ళారు.

నిచ్చెన పొడుగు క్వార్టర్‌కి వచ్చి సంచి సర్దుకోవడం మొదలెట్టాడు. దూలం వెనకే వచ్చాడు.

"ఎందుకురా?" అన్నాడు కోపంగా. "నేన్నీకేం అన్యాయం చేశా?"

"అన్యాయం కాదన్నా. ఆ అయిదోది వేస్తే ఈ ఇల్లు నాదవుతుంది."

"అయితే?"

"మీరు బయటపడతారు. నేను లోపలుంటా. మేనేజరు నాచేతా అలాంటి కాగితం మీదే సంతకం పెట్టిస్తాడు. నన్ను దాటి అయిదు వేసేవాడు దొరికేదాకా నేనూ ఆ కాగితం కోసం కూర్చోవాలి. ఇప్పటికే మా ఊళ్ళో ఒకమ్మాయి నా కోసం చూస్తోంది."

"ఆ మాట ముందే చెప్పి చావచ్చుగా! ఆడనని వెళ్ళిపోవచ్చుగా!"

నిచ్చెన సంచి మూతి బిగించి, తల దించుకుని నిలబడ్డాడు. "తొమ్మిదో బంతి దాకా వెయ్యాలనే ఉందన్నా. ఒట్టు. మీ కోసమైనా వెయ్యాలనుకున్నా. కానీ మీరు ఎగిరారు. మీరు దొంగ షాటుకి ఎగరరు. తెలిసే ఎగిరారని నాకర్థమైంది. మీలాంటి మనిషే పదిహేడేళ్ళ పరువు వదులుకుని ఎగిరాడంటే, ఇక్కడ ఎంత ఊపిరాడక ఉన్నాడోనని భయమేసిందన్నా. రెండోవాడి అడుగుల చప్పుడు వినిపించినట్టయింది. చేతిలో ఉన్నది ఇచ్చేశా."

ఆ పాఠం నేర్పినవాడు దూలమే. వాడు కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వద్దని, సంచి తనే మోసి గేటు దాకా వెళ్ళాడు. షిఫ్టు వేళలో గేటు దాటాలంటే పాసు ఉండాలి. నిచ్చెన దగ్గర ఉంది. వాడు దాటాడు. "మీరూ వచ్చెయ్యండన్నా, ఎవడు పట్టుకుంటాడు?" అన్నాడు అవతలి నుంచి. కాపలావాడు నవ్వాడు. దూలమూ నవ్వాడు. గేటు తీసే ఉంది, కాపలావాడి ఎత్తు అతని గుండెల దాకా కూడా లేదు. అయినా కాళ్ళు కదల్లేదు. బస్సొచ్చి, వాణ్ణి ఎక్కించుకుని వెళ్ళిపోయింది. తన మీద తనకి అంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు.

ఇంటికొచ్చి భార్యకి ఫోన్ చేశాడు. ఎప్పటిలా కుర్రాడు చాల్లేదని చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. మూడోవాడి పదో బంతి సంగతి, ఆ రోజు తను పిడికిలి బిగించిన సంగతి కూడా దాచలేదు.

"ఈ మాట అప్పుడే చెప్పుంటే బాగుండేదండీ" అంది ఆమె, మెత్తగా. "అప్పుడైతే నేనే వచ్చి తీసుకొచ్చేదాన్ని. ఇప్పుడు రాలేను. ఉత్తరం లేకపోతే హెడ్‌మిస్ట్రెస్ కాళ్ళయినా పట్టుకుంటా. కానీ మీ అంతట మీరే బస్సెక్కాలి. ఎక్కుతారా?"

దూలం నోరు తెరిచాడు. ఎక్కుతానని చెప్పడానికి ఎంతసేపు? ఇక్కడైతే తను దూలం, ఎవరూ దాటలేనివాడు. అక్కడ దిగితే ఏడేళ్ళుగా పెళ్ళాన్ని కనిపెట్టుకోని ఒట్టి పొడుగు మనిషి. మేనేజరు కాగితం అడ్డుందనడం తప్ప తనకి చెప్పుకోడానికి ఇంకే సాకూ లేదని ఆ క్షణాన అతనికి తెలిసింది. తెలిసినా, ఎక్కుతానని చెప్పలేదు.

ఆమె, "పిల్ల పక్కనుంచి అంతా వింది, మాట్లాడండి" అని ఫోను ఇచ్చేసింది.

"నాన్నా, నువ్వెప్పుడూ ఎగరవుగా! ఇవాళ ఎగిరావంట!"

"అవునమ్మా."

"ఎంత ఎత్తు ఎగిరావు?"

"ఎంతో లేదు తల్లీ. జానెడు."

"అంతేనా?" అంది పిల్ల నిరాశగా. "మళ్ళీ అక్కడే దిగావా?"

"అక్కడే దిగా."

బయట స్టోర్సు గుమాస్తా పిలుస్తున్నాడు, పై అరలో జిగురు డబ్బా అందడం లేదని. దూలం ఫోను కుర్చీలో పెట్టాడు. గుమ్మం దగ్గరికొచ్చి, పైన జానెడు ఖాళీ ఉందని తెలిసీ, తల వంచుకుని బయటికి వెళ్ళాడు.